వాష్ బేసిన్ వైద్యం

మన దేశంలో అన్నిటికంటే చవకైన ల్యాబు వాష్ బేసిన్. పొద్దున్నే దగ్గి కళ్లె ఉమ్మి, కాసేపు వంగి చూసి రిపోర్టు రాసేసుకుంటాం: తెల్లగా ఉంటే జలుబు, పసుపుగా ఉంటే ఇన్‌ఫెక్షన్, ఆకుపచ్చగా ఉంటే పెద్ద ఇన్‌ఫెక్షన్. ఆ రిపోర్టు నోటితోనే మందుల షాపుకు చేరుతుంది. "అన్నా, కళ్లె పచ్చగా పడుతోంది" అంటే చాలు, రెండో మాట లేకుండా అజిత్రోమైసిన్ 500 మూడు మాత్రలు, ఓ దగ్గు సిరప్పు చేతికొస్తాయి. ఆ సిరప్పుల్లో కొన్నింటి ఘనత వేరే చెప్పాలి. కళ్లెను పలచన చేసి బయటికి పంపే మందూ, దాన్ని బయటికి నెట్టే దగ్గునే అణిచే మందూ ఒకే సీసాలో కలిసి కాపురం చేస్తుంటాయి. ఈ వైద్యానికి ఆదరణ తక్కువేం కాదు. 2019లో దేశంలోని ప్రైవేటు మార్కెట్లో అమ్ముడైన యాంటీబయాటిక్స్ లెక్క తీస్తే, అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఈ అజిత్రోమైసిన్ 500 మాత్రనే అని తేలింది.

ఇంతమంది నమ్మిన శాస్త్రానికి పునాది ఉండాలి కదా అని వెతికితే, ఉంది, కాకపోతే వేరే చోట ఉంది. కళ్లెకు ఆ పచ్చదనం ఇచ్చేది ప్రధానంగా క్రిములు కావు, మన సొంత తెల్లరక్తకణాలు. న్యూట్రోఫిల్ అనే కణంలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. దాని సహజమైన రంగే ఆకుపచ్చ. ఊపిరితిత్తుల గొట్టాల్లోకి వైరస్ వచ్చినా, బాక్టీరియా వచ్చినా ఈ కణాలు వస్తాయి, పని ముగించి చస్తాయి, కళ్లెలో కలిసి బయటపడతాయి. రాత్రంతా లోపల నిలిచి చిక్కబడింది కాబట్టి పొద్దుటి కళ్లె ఇంకాస్త ముదురుగా కనిపిస్తుంది. వీధిలో ఖాకీ చొక్కాలు కనబడగానే దొంగ పేరూ ఊరూ చెప్పేయడం ఎంత తెలివో, రంగు చూసి బాక్టీరియా అని తేల్చడం అంతే తెలివి. పైగా మామూలుగా వచ్చే దగ్గూ కళ్లెల్లో చాలా వాటికి కారణం వైరస్‌లే. వాటిని అజిత్రోమైసిన్ ఏమీ చేయలేదు.

"సిద్ధాంతం సరే, వేసుకుంటే తగ్గుతోందిగా?" అంటారు. దీన్నీ పరీక్షించి చూశారు. 13 యూరప్ దేశాల్లో దగ్గుతో డాక్టర్ల దగ్గరికి వచ్చిన మూడు వేల మందికి పైగా రోగులను గమనించిన అధ్యయనం 2011లో వెలువడింది. కళ్లె రంగు మారినవాళ్లకు అక్కడి డాక్టర్లు కూడా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా యాంటీబయాటిక్స్ రాశారు. అంటే ఈ మూఢనమ్మకానికి పాస్‌పోర్టు కూడా ఉందన్నమాట. కానీ మందు వాడినవాళ్లు వాడనివాళ్లకంటే త్వరగా కోలుకోలేదు. 2013లో వచ్చిన మరో పరిశోధనలో, న్యుమోనియా అనుమానం లేని రెండు వేల మంది దగ్గు రోగుల్లో సగం మందికి అమాక్సిసిలిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. బాధలు తగ్గడానికి పట్టిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వికారం, దద్దుర్లు, విరేచనాలు మాత్రం అసలు మందు మింగినవాళ్లకే ఎక్కువ. మరి మనకెలా తగ్గింది? ఇలాంటి దగ్గు సగటున రెండున్నర వారాలు ఉంటుంది, మన ఓపిక వారానికే అయిపోతుంది. ఓపిక అయిపోయిన రోజున మాత్ర వేస్తాం, దగ్గు తన దారిన తాను తగ్గుతుంది, దండ మాత్రకు పడుతుంది.

రంగుకు అసలు విలువే లేదా అంటే, ఉంది. ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ రోగికి ఆయాసం పెరిగి, కళ్లె ఎక్కువై, రంగు కూడా మారితే, అప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వాలా అని డాక్టరు ఆలోచిస్తాడు. తీవ్రమైన జ్వరం, ఛాతీలో పోటు, ఊపిరి అందకపోవడం, కళ్లెలో నెత్తురు కనిపిస్తే ఏ రంగైనా సరే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అంటే రంగు ఒక సాక్షి మాత్రమే. మనం దాన్ని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టాం. "డాక్టరు ఫీజూ, ఒకరోజు కూలీ ఎవడిస్తాడు?" అనేది మాత్రం నవ్వి తోసేయదగ్గ ప్రశ్న కాదు. అయితే దానికి జవాబు పనిచేయని మాత్ర కాలేదు. పేదవాడు ఫీజు మిగుల్చుకున్నాననుకుని మాత్రల డబ్బు పోగొట్టుకుంటున్నాడు, అంతే.

అసలు నష్టం డబ్బుది కూడా కాదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. టీబీ కళ్లెకు తనదంటూ ప్రత్యేకమైన రంగేమీ లేదు, బేసిన్‌లో అది పట్టుబడదు. ఈలోగా షాపులో "ఇంకాస్త పవర్‌ఫుల్" పేరుతో లివోఫ్లాక్సాసిన్ ఇచ్చారనుకోండి, అది టీబీ క్రిమిని కొన్నాళ్లు అణిచిపెడుతుంది. పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చు, మొండికేయడం కూడా నేర్చుకోవచ్చు, జబ్బు మాత్రం ఇంట్లోవాళ్లకు అంటుతూనే ఉంటుంది. అందుకే అలాంటి మందులను హెచ్1 షెడ్యూలులో చేర్చారు. 2014 మార్చి నుంచి వాటిని అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మాత్రల అట్టపై నిలువుగా ఎర్రగీత కూడా వేశారు. అది చీటీ లేకుండా అమ్మొద్దనే హెచ్చరిక. కత్తెర ఎక్కడ పెట్టాలో చూపించే గుర్తని మన షాపులు అర్థం చేసుకున్నట్టున్నాయి.

కళ్లె చెప్పే నిజాలు చాలానే ఉన్నాయి, మైక్రోస్కోపు కింద పెడితే. అక్కడిదాకా వెళ్లాలా వద్దా అని తేల్చడానికి కౌంటరు దగ్గర ఒక్క ప్రశ్న చాలు: దగ్గు ఎన్నాళ్ల నుంచి? ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. మార్జిన్ కూడా లేదు, బహుశా అందుకే ఎవరూ అడగరు.