శ్రీ సూర్యనారాయణమూర్తి గారికి సంజాయిషీ నోటీసు

మహారాజశ్రీ సూర్యనారాయణమూర్తి గారి దివ్యసముఖానికి,

విషయం: అలాస్కా రాష్ట్రం, డాల్టన్ హైవే పరిధిలో తమరు శీతాకాలపు విధులకు గైర్హాజరవడం గురించి.

అయ్యా,

తమరికి పై అధికారి ఎవరో ఎంత వాకబు చేసినా తెలియలేదు. అందుచేత తమ మీద ఫిర్యాదు తమకే దాఖలు చేసుకుంటున్నాను. ఎవరి మీద అర్జీ పెడితే అది తిరిగి తిరిగి వాళ్ల బల్ల మీదికే చేరడం మాకు కొత్త కాదు గనక, ఈ ఏర్పాటుతో నాకు పేచీ లేదు.

డిసెంబరు నడిమిన మా బావమరిదీ నేనూ ఫెయిర్‌బ్యాంక్స్‌లో బండి అద్దెకు తీసుకుని ఉత్తరానికి బయల్దేరాం. రోడ్డు చివరనున్న డెడ్‌హార్స్ దాకా సుమారు 800 కిలోమీటర్లు. అందులో 666 కిలోమీటర్లు డాల్టన్ హైవే. హైవే అన్నది మర్యాదకు అనే మాట. చమురు పైపులైను పనులకు సామాను చేరవేయడానికి 1974లో అయిదు నెలల్లో వేసేసిన కంకర రోడ్డు అది. మామూలు జనాన్ని చివరిదాకా రానిచ్చింది 1994లోనే. ఈ రోడ్డు పేరు ఎత్తితే చాలా అద్దె కంపెనీలు తాళాలు వెనక్కి తీసుకుంటాయి. ఒప్పుకునే కొద్దిమందీ స్టెప్నీలు రెండూ, దారిలో లారీలతో మాట్లాడుకోవడానికి సీబీ రేడియో ఒకటీ ఇచ్చి మరీ పంపుతారు.

బయల్దేరే ముందు మా మామగారు ఫోన్ చేశారు. “అల్లుడుగారూ, అక్కడ సూర్యుడే రాడటగా, మరి సంధ్య వార్చేది ఎప్పుడండీ?” అన్నారు. నేను సంధ్య వార్చి ఎన్నాళ్లయిందో ఆయనకూ తెలుసు, అది వేరే సంగతి. కానీ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు చెప్పాల్సింది తమరు.

తమ హాజరు పట్టీ నేను చూశాను. ఆ రోజుల్లో ఫెయిర్‌బ్యాంక్స్‌లో తమరు కూర్చునేది మూడు గంటల నలభై నిమిషాలు, అదీ తల పూర్తిగా ఎత్తకుండా. డెడ్‌హార్స్‌లో ఆ మాత్రం కూడా లేదు. నవంబరు ఆఖరి వారంలో కనుమరుగైతే మళ్లీ మొహం చూపించేది జనవరి మూడో వారంలోనే. సంక్రాంతికి మేము ఇక్కడ ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానాలు చేసి, పెద్దలకు తర్పణాలు వదిలి, తమరు ఉత్తరానికి వేంచేశారని సంబరపడుతుంటాం. అసలు ఉత్తరాన ఉన్నవాళ్లకు ఆ పూటకి తమ జాడే ఉండదు. ఇంకో ముచ్చట. ఏడాది మొత్తంలో తమకూ భూమికీ దూరం అతి తక్కువగా ఉండేది జనవరి మొదటి వారంలోనేనట, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకపోవడాన్ని మా వైపు ఏమంటారో తమకు తెలియంది కాదు.

భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉంది, అందులో నా ప్రమేయం లేదు అంటారు తమరు. వేసవిలో అదే డెడ్‌హార్స్‌లో మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా అస్తమించకుండా ఓవర్‌టైం చేస్తున్నాను, ఏడాది లెక్క తీస్తే పగటి గంటలు అందరికీ ఇంచుమించు సమానమే అంటారు. గంటల లెక్క సరే. అక్కడ పడేది ఏటవాలు ఎండ. అదే మే నెలలో రెంటచింతలలో నడినెత్తిన నిలబడి జనాన్ని ఉడకబెడతారు. ఆ మిగులులో పావు వంతు అటు బదిలీ చేయించరాదా?

తమ గైర్హాజరు వల్ల జరిగేదేమిటో సాక్ష్యంతో సహా మనవి చేస్తాను. దారి మధ్యలో మజిలీ చేసిన కోల్డ్‌ఫుట్‌లో రాత్రి మైనస్ 40. సెల్సియస్సా, ఫారెన్‌హీటా అని అడగక్కర్లేదు, ఆ అంకె దగ్గర రెండూ ఒకటే. పొద్దున్న (అంటే గడియారం పొద్దున్న అన్నప్పుడు) బండి తలుపు తీస్తే లోపలివైపు బోల్టుల తలల మీద మంచు పూసి ఉంది. సీటు చెక్కబారిపోయింది. ఇంజను వెచ్చగా ఉండటానికి రాత్రంతా కరెంటు ప్లగ్గుకి తగిలించి ఉంచాం కాబట్టి స్టార్టయింది గానీ, టైర్లు నేలకి ఆనిన చోట చదునుగా గడ్డకట్టి, మొదటి కొన్ని కిలోమీటర్లూ దబ్‌దబ్‌మని మమ్మల్ని ఎత్తి కుదేశాయి. పక్కన నిలిపిన లారీల ఇంజన్లు రాత్రంతా ఆడుతూనే ఉన్నాయి. ఆపితే మళ్లీ అంటుకుంటాయన్న పూచీ లేదు. ఆ దారిలోనే ప్రాస్పెక్ట్ క్రీక్ అనే చోట 1971 జనవరి 23న మైనస్ 62 నమోదైంది. అమెరికా మొత్తానికి ఈ నాటికీ అదే రికార్డు. ఆ ఘనత తమ ఖాతాలో రాయమంటారా?

తమరు లేని చోట లోకం తలకిందులవుతుంది కూడా. కొండెక్కితే చలి పెరగాలని కదా మనకు తెలుసు. అక్కడ నేలను వెచ్చబెట్టే నాథుడు లేక బరువైన చల్లగాలి లోయల్లో మడుగు కడుతుంది. అందుకని పైకి పోయేకొద్దీ కాస్త నయమనిపించింది.

కోల్డ్‌ఫుట్ దాటితే 385 కిలోమీటర్ల దాకా బంకు లేదు, కొట్టు లేదు. బ్రూక్స్ పర్వతాలు దాటించే అటిగన్ కనుమ మధ్యలో ఉంటుంది, ఎత్తు 1,444 మీటర్లు. దాని కింద మా బావమరిది స్టీరింగు మీద ఉండగా రేడియో 19వ చానల్లో ఒక గొంతు. “కింద లైట్లు కనిపిస్తున్న చిన్న బండీ, నేను లోడుతో దిగుతున్నాను. పక్కకు తీసి ఆగండి.” తీశాం. లారీ పోయింది, వెంట లేచిన మంచు దుమ్ములో మా లైట్లు మాకే కనబడలేదు. “బావా, రోడ్డేదీ?” అన్నాడు వాడు. అంతలో అదే గొంతు: “ఇప్పుడు రావచ్చు. పైన గాలి ఉంది. అంచున పాతిన కర్రలు చూసుకుంటూ పోండి, కర్ర కనబడకపోతే కదలొద్దు.” మొహం చూడలేదు, పేరు తెలియదు. ఆ కర్రల చివర మెరుపు బిళ్లలుంటాయి. ఒకటి వెలిగితే అక్కడిదాకా పోవడం, రెండోది వెతుక్కోవడం. కనుమ అంతా అలాగే దాటాం. తమరు చేయాల్సిన పని ఆ బిళ్లలూ, మంచు తోసే బళ్లవాళ్లూ, ఆ గొంతూ పంచుకుని చేస్తున్నారు. వాళ్లకు అర్ఘ్యం ఇచ్చే ఆచారం ఇంకా ఎవరూ పెట్టలేదు.

న్యాయంగా ఒక మాట కూడా ఒప్పుకోవాలి. తమరు రాకపోయినా తమ మనుషులు వస్తున్నారు. రోడ్డు పొడుగునా పైపులైను తోడొస్తుంది. 48 అంగుళాల గొట్టం, సముద్రం ఒడ్డున ప్రూడో బే నుంచి దక్షిణాన వాల్డీజ్ దాకా 1,287 కిలోమీటర్లు, 1977 నుంచి పారుతోంది. లోపలున్నది కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన సూక్ష్మజీవులు తాగిన తమ ఎండే, మరోలా. ఆ వేడి చమురు తగిలితే కింద గడ్డకట్టిన నేల కరిగి కుంగుతుందని చాలా దూరం గొట్టాన్ని స్తంభాల మీదికెత్తారు. స్తంభాల తలల మీద రేకుల కుచ్చులు పెట్టి నేలలో వేడిని చలికాలమంతా పైకి లాగేస్తుంటారు. తమరు లేరని ఏడ్చే చోటే తమ వేడి నేలకి తగలకుండా ఇంత కాపలా.

రెండో మనిషి రాత్రి వచ్చాడు. కనుమ దిగాక చెట్టన్నది లేని బయలులో ఆకుపచ్చ వెలుగు ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు లేచింది, అంచున గులాబి. అమెరికాలో ఉన్న మనవాళ్లు చలికాలంలో పిల్లాపాపలతో ఫెయిర్‌బ్యాంక్స్‌కు పరుగులు పెట్టేది దీనికోసమే. తమ నుంచి వెలుతురు ఎనిమిది నిమిషాల చిల్లరలో చేరుతుంది. ఈ విద్యుత్కణాలు మాత్రం రెండు మూడు రోజులు నడిచొచ్చి, భూమి అయస్కాంతం పట్టి లాగితే, నూరు కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ను కొట్టి పచ్చగా వెలిగిస్తాయి. సంజ్ఞాదేవి తమ వేడి తాళలేక ఛాయాదేవిని బదులుగా పెట్టి వెళ్లిన కథ మాకు తెలుసు. మామగారు విశ్వకర్మ తమర్ని సాన పట్టి తేజస్సు తగ్గించిన సంగతీ తెలుసు. ఆ రాలిన పొడితో చక్రం, త్రిశూలం చేశారంటారు. కొంత ఇటు కూడా దులిపి ఉంటారని మా బావమరిది అనుమానం.

డెడ్‌హార్స్‌లో మిట్టమధ్యాహ్నం దక్షిణాన ఒక ఎర్రటి చార లేచి, కాసేపు వెలిగి, అక్కడే చల్లారింది. ప్రాతస్సంధ్యా సాయంసంధ్యా నడుమ పగలు లేకుండా ఒకదానికొకటి అతుక్కున్నాయి. మా మామగారికి ఇదే చెప్పాను. “అయితే ఒకేసారి రెండూ కానిచ్చేయొచ్చన్నమాట” అన్నారు, కొంచెం ఆశగా. సముద్రం అక్కడికి కొద్ది మైళ్లే. మధ్యలో చమురు క్షేత్రం గేటుంది, చలికాలంలో యాత్రికులను పంపరు. వెనక్కి తిరిగాం.

కనుక తమరు రథసప్తమిలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. సంతృప్తికరంగా లేకపోతే, ఆ ఎనిమిది వారాలకూ ప్రత్యక్ష నారాయణుడు అన్న హోదాను నిలుపుదల చేయించి, ఇన్‌ఛార్జి బాధ్యతలు 19వ చానల్‌కు అప్పగించవలసిందిగా కోరతాను.

ఇట్లు,
తమ భక్తుడూ, ఫిర్యాదుదారుడూ

నకలు: శ్రీ అనూరుడు గారు, రథసారథి. ఇంజను హీటరు మా దగ్గర పాతదొకటి ఉంది. ఏడు గుర్రాలకూ చాలుతుందో లేదో తెలియజేయగలరు.