వారము దినముల దీనబాంధవులు

అమెరికా కళాశాలలకు మార్చి మాసమున వసంతపు సెలవులు వచ్చుటతోడనే, క్రైస్తవ సంఘముల యాజమాన్యమున నడచు విద్యాసంస్థలలోని కొందరు యువతీయువకులకు పరుల దారిద్ర్యము హఠాత్తుగా జ్ఞప్తికి వచ్చును. తోటివారు ఫ్లోరిడా సముద్రతీరమున ఇసుకలో పొర్లాడుచుండగా, వీరు ఒకే రంగు టీషర్టులు తొడిగి, వీపున కళాశాల చిహ్నమును, దాని క్రింద ఒక బైబిలు వచనపు సంఖ్యను అచ్చొత్తించుకొని, తెల్లని వ్యానులలో కిక్కిరిసి కూర్చుండి, న్యూయార్కు దక్షిణభాగము మొదలు మిసిసిపీ ఉత్తరభాగము వరకు 13 రాష్ట్రములలో వ్యాపించిన అపలాచియా కొండసీమను ఉద్ధరించుటకు బయలుదేరుదురు. సృష్టికర్తకు సైతము సకలలోక నిర్మాణమునకు ఆరు దినములే పట్టినవి కనుక, ఒక కొండప్రాంతమును ఉద్ధరించుటకు అంతకుమించి గడువెందుకని వీరి విశ్వాసము.

ఈ యాత్రకు విద్యాలయములలో సర్వీస్ లెర్నింగ్ అని పేరు. అది 1966 ప్రాంతమున టెనెస్సీలోని ఓక్ రిడ్జిలో, అనగా ఆ కొండసీమలోనే, ఆరంభమైన పద్ధతి. సేవకు మార్కులుండును, మార్కులకు ముందు దినచర్య వ్రాయవలెను, దినచర్యలో తన హృదయము ఏ దినమున ఏ గంటకు ద్రవించెనో నమోదు చేయవలెను. కుడిచేయి చేసిన దానము ఎడమచేతికి తెలియరాదని క్రీస్తు బోధించినమాట నిజమే కాని, ఆయన ఏ కళాశాలకును దరఖాస్తు పెట్టుకొని యెరుగడు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు తల్లిదండ్రులును ఈ రహస్యమును చక్కగా గ్రహించినవారే. చదువు, సంగీతము, చదరంగముల పిమ్మట దరఖాస్తులో మిగిలిన ఖాళీని పరోపకారముతో పూరింపవలెనని వారికి ఎవరును నేర్పనక్కరలేదు.

సేవావిధానమును కొంత సమీపమునుండి చూతము. ఒక వృద్ధురాలి ఇంటి వసారాకు రంగు వేయుట వీరి పని. పొరలు లేచిన పాత రంగును గీకి, వానకు తడిసిన చెక్కను ఆరనిచ్చి, అడుగుపూత పూసి, అది ఎండిన మీదటనే పైపూత వేయవలెనని రంగులపని తెలిసినవాడెవడైనను చెప్పును. కాని శుక్రవారము సాయంకాలమునకు ఛాయాచిత్రము తీయవలసియుండుటచే, తడి చెక్కమీదనే తెల్లరంగు దట్టముగా పడును. వచ్చు వానలకు అది బొబ్బలెత్తి రాలిపోవును. రాలుటయు ఒకందుకు మంచిదే, మరుసటి మార్చిలో వచ్చువారికి పని మిగులును. పనిలేక ఎదుటి వాకిట నిలిచి ఇదంతయు చూచుచున్న ఆ ఊరి వడ్రంగిని పిలువవలెనన్న తలంపు ఎవరికిని రాదు. మధ్యాహ్నమున ఆ అవ్వ చిక్కుడుగింజలు ఉడికించి, మొక్కజొన్న రొట్టె కాల్చి ఇందరికిని వడ్డించును. రాత్రి గిటారు చుట్టు కూర్చున్నప్పుడు ఒక విద్యార్థిని కన్నులు తుడుచుకొనుచు, "వారికేమియు లేదు, అయినను ఎంత ఆనందముగా ఉన్నారో!" అనును. వండి పెట్టినదెవరో, తిని లేచినదెవరో ఆమె దినచర్యలో ఉండదు.

ఇక మతవిషయమా, ఆ సీమలో దాదాపు ప్రతి కొండలోయకును ఒక చర్చి కలదు. అచటి ముసలివారికి కంఠస్థమైన వాక్యములు ఈ యాత్రికులు పుస్తకము తెరచి వెదుకుకొనవలసినవి. అట్టివారికి భక్తిని పంచుటకు పోవుట కాశికి గంగాజలము మోసికొనిపోవుటయే.

ఈ వసారా దర్శనమునకు పెద్ద పరంపరయే కలదు. 1964 జనవరిలో దారిద్ర్యముపై యుద్ధము ప్రకటించిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఆ ఏప్రిల్ 24న కెంటకీ రాష్ట్రము మార్టిన్ కౌంటీలో ఒక నిరుద్యోగి ఇంటి వసారాలో చతికిలబడి ఛాయాగ్రాహకులకు దర్శనమిచ్చెను. ఆ కౌంటీలోనే 2000 అక్టోబరులో బొగ్గు కడిగిన బురద నిలువచేసిన చెరువు అడుగు తెగి, సుమారు 30 కోట్ల గాలన్ల నల్లని బురద వాగులలోనికి పారినది. అంతకు ఎన్నో దశాబ్దములకు పూర్వమే, భూగర్భమునందలి బొగ్గుపై సర్వహక్కులను స్వల్పమూల్యమునకు వ్రాయించుకొన్న పత్రముల బలముచేత, కంపెనీలు రైతు అంగీకారముతో పనిలేకయే అతని పొలమును యంత్రములతో పెళ్లగించుచు వచ్చినవి; కెంటకీ ప్రజలు 1988లో తమ రాష్ట్ర రాజ్యాంగమును సవరించుకొనువరకు ఆ అన్యాయమునకు అడ్డుకట్ట పడలేదు. బొగ్గు పోయినది, లాభము పోయినది, కార్మికుని ఊపిరితిత్తులలో ధూళి మాత్రము నిలిచినది. దీనికంతకును మన యాత్రికుల చికిత్స నాలుగు డబ్బాల తెల్లరంగు!

ఈ సంగతులు మతపెద్దలకు తెలియనివి కావు. మెక్సికో పల్లెలకు సేవకై పోవు విద్యార్థులతో, స్వయముగా కాథలిక్ పురోహితుడైన ఐవన్ ఇలిచ్, చూచుటకు రండు, నేర్చుకొనుటకు రండు, సహాయము చేయుటకు మాత్రము రావలదని 1968లోనే ముఖముమీద చెప్పెను. 1975లో అపలాచియా కాథలిక్ బిషప్పులే తమ లేఖలో ఆ సీమ ప్రజల నిస్సహాయతకు మూలము బొగ్గు కంపెనీల పెత్తనములో కలదని పలికిరి.

"ఒక్క విద్యార్థి హృదయమైనను మారినచో చాలదా?" అని వీరి సమర్థకులందురు. హృదయము మారుటకు ఇతరుల ఇంటి వసారా ఎందుకు బలికావలెనో వారే చెప్పవలెను. 2022 జూలై వరదలలో తూర్పు కెంటకీ ఇండ్లనుండి బురద ఎత్తిపోసిన చేతులను నేను పరిహసించుట లేదు. ఆ పని ఊరివారికి కావలసినది, వారి కన్నులయెదుట ఉన్నది. ఎత్తిపోసినవాని దినచర్యతో దానికి సంబంధము లేదు.

నిజముగా నేర్చుకొనదలచినవారికి మార్గము ఆ సీమవారే చూపియున్నారు. స్థానిక ప్రజలును పండితులును కలిసి 6 రాష్ట్రములలోని 80 కౌంటీల కచేరీలలో భూమిపన్ను దస్త్రములు తిరుగవేసి, భూమియు ఖనిజమును ఎంతగా దూరప్రాంతపు కంపెనీల చేతులలో ఉన్నవో, వారు ఎంత అల్పమైన పన్ను కట్టుచున్నారో, అందుచే బడులకు బాటలకు డబ్బెట్లు కొరవడినదో 1981లో వెల్లడించిరి. కనుక ఓ విద్యార్థులారా, రంగుపని కూలి ఆ ఊరి వడ్రంగికి పంపుడు. మీరు వెళ్లితీరవలెనన్నచో, కచేరీలో కూర్చుండి ఆ దస్త్రములు చదువుడు. భూమి ఎవరిదని అడుగని సేవ, ఎన్ని వసారాలకు రంగు పూసినను, ఆ భూస్వామికి చేసిన సేవయే.