మాగబెట్టిన కాయలకు టీకాతాత్పర్యములు

మూలము:
“కాయల్ని వరిగడ్డిలో బెట్టినాము. పండేదాకా ఎవురూ ముట్టబాకండి!”

అవతారిక: దామలచెరువు మండీనుండి బేనీషా మామిడికాయల బుట్ట యింటికి దిగిన సాయంకాలమున, అవ్వ కాయలను గదిమూల గడ్డిలో పొదిగి, చుట్టుమూగిన మనుమలను ఉద్దేశించి చేయు శాసన మిది. మహాకావ్యములకు మల్లినాథుడు మొదలైన వారు వ్యాఖ్యలు రచించిరి గాని, చిత్తూరు తిరుపతి ప్రాంతములలో ప్రతి వేసవియందును వినబడు ఈ వాక్యమును పండితు లెవ్వరును పట్టించుకొనకపోవుట విచారకరము. ఆ లోపమును తీర్ప పూనితిమి.

ప్రతిపదార్థము: కాయల్ని = ముదిరియు ఇంకను పండని మామిడికాయలను; వరిగడ్డిలో = నూర్చిన పిదప మిగిలిన యెండుగడ్డియందు; బెట్టినాము = ఉంచితిమి (పెట్టినది అవ్వ యొక్కతెయే; బహువచనము అధికారసూచకము); పండేదాకా = కాయలోని పిండి చక్కెర యగువరకు; ఎవురూ = పసివాడు మొదలు తాతవరకు (తాతను ఉద్దేశించియే ఈ పదము పడినదని సంప్రదాయజ్ఞుల మతము); ముట్టబాకండి = తాకవలదు, వ్రేలితో నొక్కవలదు, వాసన చూచు నెపమున ఒకటి తొలగింపవలదు.

టీక: “గడ్డిలో పెట్టకమునుపు పులుపు, తీసిన పిదప తీపి, కావున తీపికి గడ్డియే కారణము” అని పూర్వపక్షము. అది నిలువదు. గడ్డి చేయు ఉపకారము వెచ్చదనమును కాపాడుట, కాయ తనంత తాను విడుచు ఇథిలీన్ అను వాయువును చెదరిపోనీయకుండుట, ఇంతమాత్రమే. ఆ వాయువు సోకగానే పక్వదశ మొదలగును. ఒక కాయ విడిచినది ప్రక్కకాయను పురికొల్పును, అది మరికొంత విడుచును. అవ్వ కాయలను విడివిడిగా పరవక కుప్పగా పొదుగుటలోని రహస్య మిదియే. తీపికి ఉపాదానము మాత్రము చెట్టున నున్నపుడే కాయలో చేరిన పిండి.

ఆ పిండి యెక్కడిది? పగటివేళ ఆకులోని హరితరేణువులు నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఎండబలమున చక్కెరలు కూర్చును. వానిలో కొంత అప్పుడే కొమ్మలకును కాయలకును ప్రవహించును. కొంత ఆ రేణువులలోనే పిండిగా నిలుచును. జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు యూలియస్ జాక్స్ 1860ల దశకమున, ఆకులో కొంతభాగమును కప్పియుంచి, పిదప పిండిని నల్లబరచు అయోడిను సోకించి, ఎండ తగిలిన భాగమే నల్లబారుట చూపి, ఈ విషయమును స్థాపించెను.

రాత్రి ఎండ లేదు గదా, ఆకు పస్తుండునా? ఉండదు. పగలు దాచిన పిండిని మాల్టోజుగను గ్లూకోజుగను విరిచి, రేణువు వెలుపల సుక్రోజుగా కూర్చి, నాళములగుండ పంపును. ఇందొక చమత్కారము గలదు. ఆవాల కుటుంబమునకు చెందిన అరాబిడాప్సిస్ అను చిన్నమొక్కను పరిశీలించి బ్రిటనులోని జాన్ ఇన్నెస్ సెంటర్ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన దానినిబట్టి, ఆకు తనలో మిగిలిన పిండిని తెల్లవారుటకు మిగిలిన కాలముచే భాగించి, వచ్చిన ఫలము చొప్పుననే వ్యయపరచును. దీపము ముందుగా ఆర్పి రాత్రిని తొందరపెట్టినను, ఆ వేగమును తగ్గించుకొని, పిండి వేకువకే ఇంచుమించు చెల్లునట్లు సవరించుకొనును. ఇరువదియవ తేదికే జీతము చెల్లిపోవు గృహస్థులు ఈ భాగహారమును ఆకుకడ అభ్యసింప తగును.

మరి కాయలోనికి చక్కెరగా వచ్చినది అచ్చట పిండి యేల కావలె, తీపిగనే ఉండరాదా యందురేని, చక్కెర నీట కరగి మరింత నీటిని లాగును. రాశిగా నిలువచేసినచో కణము తాళలేదు. పిండి చల్లనినీట కరగదు, నీటిని లాగదు. గ్లూకోజు కణికలు వేలకొలది గొలుసుగా కూడినది అమైలోజు. కొమ్మలు కొమ్మలుగా విస్తరించినది అమైలోపెక్టిను. పిండిలో సాధారణముగా ముప్పాతిక వంతు ఈ రెండవదే. పక్వదశలో అమైలేజు మొదలగు ఎంజైములు ఈ గొలుసులను త్రెంచగా, తుదకు సుక్రోజు, గ్లూకోజు, ఫ్రక్టోజు మిగులును, పులుపును తగ్గును. పచ్చికాయ ముక్కపై అయోడిను వేసిన నల్లబారును. పండుముక్కపై ఆ రంగు దాదాపు కానరాదు.

తాత్పర్యము: లోపల పని జరుగుచున్నది గనుక వ్రేలు పెట్టవలదని వాచ్యార్థము. నొక్కినచోట కమిలి కుళ్లునని లక్ష్యార్థము. కాయలు లెక్కించియే ఉంచితిమని వ్యంగ్యార్థము.

విశేషము: తోతాపురిని పచ్చిగనే ఉప్పుకారమద్ది తినువారికి ఈ శాసనము వర్తింపదు, ఆ జాతిలో అధికభాగము గుజ్జు ఫ్యాక్టరీలకు పోవును, అచ్చట అవ్వ లేదు. ఇక ధర మంచిగా నుండగనే అమ్ముకొనవలెనని ముదరని కాయను కోసి, కార్బైడు పొట్లములు పెట్టువారు కలరు. తేమ తగిలిన కార్బైడు అసిటిలీన్‌ను విడువగా, అది ఇథిలీన్‌ను అనుకరించి తోలును పసుపుపచ్చ చేయును. కాని పిండియే చేరని కాయ దేనిని చక్కెరగా మార్చగలదు? ఈ వంచనను 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి. ఇథిలీన్ వాయువును మాత్రము 100 పీపీఎం వరకు వాడుటకు అనుమతి కలదు.

పిండి చేరినకొలది కాయ చిక్కబడును. ముదిరిన పచ్చికాయ నీట మునుగును, లేతది తేలును. కావున బుట్ట బేరమాడు పాఠకులారా, ధర అడుగుటకు ముందు ఒక బకెట్టు నీళ్లడుగుడు. తేలినవానిని మండీలోనే విడిచిరండు.