కొత్తపట్నం పెళ్లిపద్యం – సటీకా తాత్పర్యం

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ రెండు నియమాలు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయకూడదు, అక్కరలేనిది చెప్పకూడదు. మొదటి నియమాన్ని ఈ వ్యాఖ్యాత శక్తికొద్దీ పాటిస్తాడు. రెండోది పెళ్లి విషయంలో కుదిరేది కాదు. అక్కరలేనివన్నీ తీసేస్తే పెళ్లిలో మిగిలేది జీలకర్రా బెల్లం, మూడు ముళ్లు, ఏడడుగులు. అయ్యవారు కాస్త తొందరగల మనిషైతే అరగంట పని.

వ్యాఖ్యకు తీసుకున్న కృతి ఒక ఈవెంట్ మేనేజరు మహాశయుని పెళ్లి ప్యాకేజీ. పర్చూరు దిక్కున మిరపా పత్తీ వేసుకునే ఒక ఆడపిల్ల తండ్రికి వాట్సాప్‌లో చేరింది. అసలు గద్యమే. బొమ్మలు ఎక్కువ, లెక్కలు తక్కువ. దాన్ని ఆటవెలదిలోకి కుదించినవాడు వ్యాఖ్యాత.

మూలము

కొత్తపట్నమందు కోరిన తేదీకి
కడలి యొడ్డుమీద కాంతులమర
పెళ్లి చేతుమయ్య పేస్టలు రంగుల
సగము ముందు గట్టి సంతసింపు

ప్రతిపదార్థము

అయ్య = ఓ ఆడపిల్ల తండ్రీ; కొత్తపట్నమందు = ఒంగోలుకు తూర్పున సుమారు 18 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతపు ఒడ్డుననున్న ఆ పేరుగల ఊరియందు; కోరిన తేదీకి = ఎవరు కోరినదో కవి చెప్పని దినమునకు; కడలి యొడ్డుమీద = ఇసుకలో; కాంతులు + అమర = దీపములు అమరగా, అనగా జనరేటరు నడవగా; పేస్టలు రంగుల = ఉతికి ఉతికి వెలిసినట్టు కనబడు వన్నెలతో; పెళ్లి చేతుము = వివాహము జరిపింతుము; సగము = మొత్తములో అర్ధభాగమును (మొత్తమెంతో తరువాత తెలియగలదు); ముందు గట్టి = పని మొదలు కాకమునుపే చెల్లించి; సంతసింపు = సంతోషింపుము.

టీక

కొత్తపట్నమందు – సప్తమీ విభక్తి. ఉదయపూర్ కోటలుండగా, గోవా ఇసుకలుండగా ఈ ఊరే ఏల? 2023 నవంబరు 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి పెళ్లిళ్లకు పరదేశాలు పోవడమెందుకు, మన గడ్డ మీదే చేసుకోండి అన్నారు. కవి ఆ మాటను మరికాస్త ఇంటివైపు లాగి ఒంగోలు ఆటోలు తిరిగేంత దూరానికి తెచ్చాడు. ఔచిత్యమే.

పైగా ఎక్కడెక్కడి జనమో ఎండాకాలంలో ఈ ఇసుకలో పోగవడం కొత్తేమీ కాదు. 1937 వేసవిలో, ఈ ప్రాంతమంతా ఇంకా గుంటూరు జిల్లాగా ఉన్న రోజుల్లో, కొత్తపట్నంలో రాజకీయ, ఆర్థిక పాఠశాల పెట్టారు. ఆంధ్రదేశం నలుమూలల నుంచీ కుర్రకారు వచ్చారు. ప్రభుత్వం నిషేధించింది. ఊళ్లో ఒక్క ఇల్లూ ఎరగని వాళ్లు సముద్రం కోసం, ఒక సంకల్పం కోసం వచ్చి దిగడమే 'డెస్టినేషన్' అయితే, ఆ మర్యాద ఊరికి ఎప్పుడో దక్కింది. అప్పుడు అడ్వాన్సు ఎవరూ అడిగినట్టు లేదు.

కోరిన తేదీకి – పద్యం మొత్తానికీ ప్రాణమిదే, దోషమూ ఇదే. కోరినదెవరు? పిల్ల కోరిందా? ఆమెకు సెలవు దొరకాలి. పిల్లవాడా? అతని వీసా సంగతి చూడాలి. కవి హృదయమైతే 'హోటలు ఖాళీగా ఉన్న తేదీ' అని. కానీ ఈ సీమలో తేదీని కోరే అధికారం మనుషులకు ఏనాడూ లేదు. అది ముగ్గురి చేతిలో ఉంటుంది.

మొదటివాడు బృహస్పతి. ఆయన, శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా చేరి కంటికి కనబడకుండా పోతే మౌఢ్యం. ముహూర్తాలుండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని ఎలాగూ పక్కన పెడతారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇద్దరూ తొలిచూలు బిడ్డలైతే జ్యేష్ఠమాసమూ పోతుంది. 2024లో గురువు, శుక్రుడు కూడబలుక్కున్నట్టు ఏప్రిల్ ఆఖరు నుంచి జూలై వచ్చేదాకా మౌఢ్యంలో కూర్చున్నారు. ఎండాకాలం పెళ్లిళ్లు లేని ఎండాకాలమది. అదే వేసవి మే 13న రాష్ట్రంలో ఎన్నికలు వచ్చాయి గనుక షామియానాల వాళ్లూ వంటవాళ్లూ బతికి బయటపడ్డారు.

రెండోది గుంటూరు మిర్చి యార్డు. ఇక్కడ కవిగారి 'ప్రిపరేషన్ టైమ్‌లైన్'ను రైతు కాలంతో కలిపి చదివితేగాని అన్వయం కుదరదు. 'పది నెలల ముందు వేదిక ఖరారు చేయాలి' అంటాడు కవి. మాఘ ఫాల్గుణాల్లో పెళ్లనుకుంటే పది నెలల ముందు ఆ తండ్రి చేను దుక్కిలో కూడా లేదు. నిరుటి కాయ అమ్ముడవుతున్నది. 'ఆరు నెలల ముందు ఫోటోగ్రాఫరు, మేకప్': అప్పటికి నారు మొక్క మడిలోంచి చేలోకి మారుతూ ఉంటుంది. 'మూడు నెలల ముందు కార్డులు, బట్టలు': చేను పూతమీద ఉంది. 2021లో సరిగ్గా ఆ దశలోనే నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా రాల్చేసింది. ఆ ఏడాది ఎన్ని కార్డుల అచ్చు ఆగిందో ప్రెస్సు వాళ్లను అడిగితే చెబుతారు. 'నెల ముందు మెనూ, అతిథుల గదులు': తొలి కోత కల్లంలో ఎండుతున్నది. మంచు పడితే రంగు పోతుంది, వాన పడితే కాయే పోతుంది. రాత్రిళ్లు పట్టాలు కప్పే మనిషిని పట్టుకుని పనీర్ ఎన్ని రకాలు పెట్టమంటారని అడగడం అకాండప్రథనమనే రసదోషం. సమయం కాని సమయంలో విస్తరించడం.

అతిథులకు ఏసీ గదులు ఎన్ని కావాలని కవి అడిగినప్పుడు తండ్రి, "మావి ఏసీలోనే ఉన్నాయి బాబూ, రేటు వస్తే తీద్దామని" అన్నాడట. ఇది శ్లేష అనుకోకండి. గుంటూరు చుట్టుపక్కల ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. బస్తాలకే గాని బంధువులకు కాదు.

మూడోది సముద్రం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవలకు వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని చేపల్ని వదిలేస్తారు. పెళ్లిళ్ల వైశాఖమూ ఆ లోపే వస్తుంది. అంటే పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. కవి ఈ సంగతి ఎరుగును, అందుకే 'రంగురంగుల పడవల నేపథ్యం' అని ప్యాకేజీలో రాసుకున్నాడు. పడవ ఒడ్డున ఉన్నదంటే ఆ ఇంట్లో రాబడి లేదని అర్థం. ప్రభుత్వం ఆ రెండు నెలలకిచ్చే భృతిని 2025లో ఇరవై వేలు చేసింది. ఫోటో కోసం పడవెక్కే వధూవరులు దాని యజమాని చేతిలోనూ ఏదైనా పెట్టడం ధర్మం. ఇది మూలంలో లేదు. మల్లినాథుడు మన్నించాలి.

కడలి యొడ్డుమీద – అధికరణం. ప్యాకేజీలోని బొమ్మల్లో సూర్యుడు సముద్రంలో అస్తమిస్తూ ఉంటాడు. అది పడమటి తీరపు సూర్యుడు. మన సముద్రం తూర్పున ఉంది, ఇక్కడ పొద్దు ఒంగోలు మీదుగా కుంకుతుంది. 'సాయంత్రం గోల్డెన్ అవర్‌లో సముద్రం ముందు మాంగల్యధారణ' అని రాసిన చోట కాలదోషమో దేశదోషమో పండితులు తేల్చుకోవాలి. బంగారు వెలుగే కావాలంటే తెల్లవారుజాము ముహూర్తం పెట్టించుకోవడం తప్ప దారి లేదు. మన అయ్యవార్లకు అది ఇష్టమే. ఫోటోగ్రాఫర్లకే నిద్ర.

శంక: ఒడ్డున గాలి చల్లగా ఉంటుంది కదా? సమాధానం: ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి లేచే ఆ గాలి హోమగుండంలో నెయ్యి పోసేవాడి ముఖం మీదికే మంట తిప్పుతుంది. పెళ్లికూతురు పోసిన తలంబ్రాలు పెళ్లికొడుకు తలమీద కాక వీడియో తీసేవాడి మీద పడతాయి. బంతిలో విస్తరి ఎగిరితే గ్లాసు పెడతారు, గ్లాసు ఎగిరితే చెయ్యి పెట్టుకోవాలి, చెయ్యి పెట్టుకుంటే తినేదెలా? ముద్దపప్పులో ఇసుక పంటికింద కరకరలాడితే వంటవాడిని తిట్టరాదు. ఇక పందిరిరాట. ఊళ్లో మట్టినేల మీద మూరెడు గొయ్యి చాలు, ఇసుకలో గుంజ నిలవాలంటే లోతుకు పోవాలి. జిల్లాలో పందిళ్లకు వాడే సరుగుడు గుంజలు ఈ తీరపు తోటల్లోనే పెరుగుతాయి గనుక ఆ ఒక్క సరంజామాకు లారీ బాడుగ కలిసొస్తుంది. పౌర్ణమి దగ్గర పడ్డ ముహూర్తమైతే పోటు ఎక్కువ. వేదిక ఎంత వెనక్కు వేయాలో ఇంజినీరును కాదు, అలివి వల లాగే ముసలివాళ్లను అడగాలి. కట్టడాల జోలికి పోకూడదు. తీరానికి 1991 నుంచి నియంత్రణ నిబంధనలున్నాయి.

కాంతులమర – ఇచ్చట విరోధాభాసం. పగటి ముహూర్తపు పెళ్లిలో అయ్యవారు ఎండలోకి తీసుకెళ్లి "అదుగో అరుంధతి" అంటే దంపతులిద్దరూ శూన్యం కేసి చూసి తలూపడం మనకు అలవాటే. దాంపత్యంలో మొదటి సర్దుబాటు అదే. వేసవి సాయంకాలాల్లో సప్తర్షులు ఉత్తరాన బాగా ఎత్తున ఉంటారు. వసిష్ఠుడి పక్కన అరుంధతి చిన్న చుక్కగా, కాస్త కళ్లున్నవాళ్లకెవరికైనా అగుపిస్తుంది. చీకటి సముద్రం ఒడ్డున ఇంకా బాగా. అంటే కొత్తపట్నంలో రాత్రి ముహూర్తం పెట్టుకున్న జంట అరుంధతిని నిజంగా చూడవచ్చు. లక్షలు పోసి ఊరి దీపాలకు దూరంగా వచ్చి, ఇంకో లక్ష పోసి ఎల్‌ఈడీ గోడలు నిలబెట్టి, ఆ చుక్కను కనబడకుండా చేసేది ఈ 'కాంతులమర'యే. పైన ఎగిరే డ్రోనును చూసి నక్షత్రమని దణ్ణం పెట్టిన మేనత్త కూడా ఉండే ఉంటుంది.

పెళ్లి చేతుము – ఉత్తమపురుష, బహువచనం. కర్త ఎవరు? ఈవెంట్ సంస్థ. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చట్టం ఒప్పుకోదు. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం, సప్తపది ఉన్న సంప్రదాయంలో ఏడో అడుగు కలిసి వేసినప్పుడే పెళ్లి పూర్తవుతుంది. ఆ అడుగులు దంపతులవి, మేనేజరువి కావు. 2024లో సుప్రీంకోర్టు కూడా పెళ్లంటే ఆటపాటలూ విందువినోదాలూ కాదని చెప్పవలసి వచ్చింది. తెనాలి సూతాశ్రమంలో త్రిపురనేని రామస్వామి చౌదరి, అర్థంకాని మంత్రాలెందుకని తెలుగులో 'వివాహ విధి' రాస్తే ఈ మైదానాల్లో ఎందరో ఆ పద్ధతిన పెళ్లాడారు. ఖర్చు తగ్గించడానికి సిద్ధాంతం కావలసిన కాలమది. ఇప్పుడు పెంచడానికి థీమ్ ఉంది.

పేస్టలు రంగుల – ఈ పదం దగ్గర ఆడపిల్ల బాబాయి పెట్టిన ఆక్షేపణ పూర్వవ్యాఖ్యాతలెవరూ చేయనిది. నమూనా బట్టముక్కలు చూసి ఆయన, "ఏందబ్బాయ్, ఇదంతా తాలు కాయల్లే ఉందే?" అన్నాడు. వివరణ అవసరం. యార్డులో మిరపకాయకు విలువ రంగులోనే ఉంది. ఎర్రగా మెరిసేది మేలిమి. ఎండకో వానకో రంగు చచ్చి పాలిపోయినదాన్ని తాలు అని వేరుచేస్తారు, ధర ఎంతో తక్కువ. జీవితమంతా కల్లంలో కూర్చుని తాలు ఏరి పారేసినవాళ్ల ముందు పాలిపోయిన రంగులే శోభ అని చెప్పడం సాహసం. పోనీ లేత గులాబీ వేద్దాం అన్నాడు మేనేజరు. పత్తి రైతుకు గులాబీ అంటే ఒక్కటే, కాయలోపల దాక్కుని దూదిని తినే గులాబీ రంగు పురుగు. చివరికి దంతపు తెలుపు మీద రాజీ కుదిరింది. అది మధుపర్కాల తెలుపే గనుక. అయినా అంచుకు పసుపు అద్దకుండా ఆడవాళ్లు ఒప్పుకోలేదు. పసుపు, కుంకుమ, మామిడాకు, మిరపపండు: ఈ సీమకు థీమ్ ఎప్పుడో ఇచ్చేశారు, డిజైనరు అక్కర్లేదు. ఇది వ్యాఖ్యాత పక్షపాతం, దాచుకోవడం లేదు.

సగము ముందు గట్టి – ఇచ్చట కరుణరసం. సరుకు కాటా పడకముందు వడ్డీ లేకుండా సగం సొమ్ము ఆ తండ్రి చేతిలో పెట్టినవాడు యార్డులో ఇంతవరకూ పుట్టలేదు. 2025 మొదట్లో కాయ ధర పడిపోతే, కేంద్రం ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అంతకు రెండేళ్ల కిందట ఇరవై వేలు చూసిన కళ్లకు అది ఓదార్పు కాదు. అలాంటి ఏడాదిలో బస్తాలు ఏసీలోనే ఉంటాయి. రసీదు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చి సగం కడతారు. ఆ సగంలో పూలకెంత, దీపాలకెంత అని అడిగితే 'ప్యాకేజీ అండీ' అంటారు. క్వింటాలుకు ఇంత అని అమ్మినవాడికి, దేనికెంతో తెలియని లెక్క చదవడం కష్టం.

సంతసింపు – లోట్టు. విధ్యర్థమా, ప్రార్థనార్థమా, ఆశీరర్థమా? మూడూ కాదని ఈ వ్యాఖ్యాత మతం. రసీదు బదులు ఇచ్చిన మాట.

తాత్పర్యము

ఓ ఆడపిల్ల తండ్రీ! కొత్తపట్నం సముద్రపు ఒడ్డున, గురుశుక్రులూ మిర్చి ధరా పోటూ అనుకూలించిన పక్షాన, అరుంధతి కనబడనంత వెలుగులో, తాలు రంగు బట్టల మధ్య నీ కూతురి పెళ్లి మేము చేసినట్టు కనబడుతుంది. చేసేది మాత్రం నీవే, డబ్బు ఇచ్చేదీ నీవే అని భావము.

విశేషాంశము

ఈ పద్యంలో యతులన్నీ సరిపోయాయి. సరిపోనిది తేదీ ఒక్కటే. కాబట్టి కొత్తపట్నంలో పెళ్లి తలపెట్టినవారికి మనవి: ముందు సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లండి, తర్వాత కల్లం చూసుకోండి, ఆ తర్వాతే మేనేజరుకు ఫోను చేయండి. తెల్లవారుజాము ముహూర్తం రాయించుకోండి. వైశాఖంలో పొద్దెక్కితే ఆ ఇసుకలో ఉత్తకాళ్లతో ఏడడుగులు పడవు. మిగిలిన సగం డబ్బు అప్పగింతలయ్యాకే ఇవ్వండి.