యుద్ధమునకు ఆధారమేది?

దక్షిణమునుండి హౌరాకు పోవు తెలుగువారిలో టికియాపారాను చూడనివారు లేరు. అక్కడ దిగినవారు మాత్రము అరుదు. సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్కి, ఒక రాత్రియు ఒక పగలును కూర్చుండియు పరుండియు గడిపి, సంత్రాగాచి దాటినంతనే చెప్పులు వెదకికొని, పెట్టెలను బల్లక్రిందినుండి లాగి, బిడ్డను చంకనెత్తికొని ద్వారమువద్ద సిద్ధముగా నిలిచిన గృహస్థునకు, హౌరాలో ప్లాటుఫారము ఖాళీ లేదను కారణమున బండి ఉన్నట్టుండి ఆగిపోయి, ఎదుట కారుషెడ్డులో వరుసదీరిన లోకల్ బళ్లును, వానకాలమైనచో వాని చక్రములదాక నిలిచిన నీరును, గోడవారగా బట్టలారవేసికొను సంసారములును కనబడుచుండ, ‘ఇంకెంతసేపండీ?’ అని ఒకరినొకరు అడుగుకొను ఆ అరగంటయే టికియాపారా.

అందరును విసుగుకొను ఆ చోట నేను ఇష్టపడియే ఆగితిని. బెంగాలు నాగపూరు రైల్వేవారు ఒకప్పుడు శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములనుండి మనవారిని విస్తారముగ కొనివచ్చి ఖరగపూరులో దింపగా, వారిలో కొందరు పట్టాలవెంబడి హౌరాదాక వచ్చి నిలిచిరి. మా అత్తవారిది అట్టి కుటుంబము. నేనును ఆ పట్టాలమీదనే లెక్కలు వ్రాసి పింఛను పుచ్చుకొనుచున్నవాడను. పింఛను పుచ్చుకొనువారు పొద్దుపోక కొందరు గుళ్లకు పోవుదురు, కొందరు కోర్టులకు పోవుదురు. నేను తెలుగు వికీపీడియాకు పోవుచున్నాను. పై రెంటివలెనే ఇచ్చటను వాదించువారికి కొదువలేదు. ఖర్చు మాత్రము తక్కువ.

మునగాల సంస్థానమున దివానుగిరి నిర్వహించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువరించియు ‘అ’కారము దాటకుండగనే 1923లో కీర్తిశేషులైరి. ఆ మహానుభావుని క్రమమే సాగియుండినచో, ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ అను తుపాకుల ఆట ‘క’కారము వచ్చువరకు వాకిట నిరీక్షించవలసివచ్చెడిది, నావంటివానికి దాని బాధ తప్పియుండెడిది. కాని 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జునగారు ఆరంభించిన ఈ విజ్ఞానసర్వస్వమున అక్షరక్రమమను అడ్డుకట్ట లేదు. ఎవరికి ఏది తోచిన అది, ఎప్పుడు తోచిన అప్పుడు వ్రాయవచ్చును. విధివిలాసమేమో, ఆ ఆటయు అదే సంవత్సరము అక్టోబరు 29న అమెరికాలో విడుదలైనది. నలువది రెండు దినముల యెడముతో పుట్టిన ఆ రెంటికిని సంధి కుదుర్చు భారము తిరిగి తిరిగి నా నెత్తిని పడినది.

పడవేసినవాడు మా మనుమడు. వాడు పదునొకండవ తరగతి చదువుచున్నాడని పాఠశాలవారు చెప్పుదురు. మాకు కనబడినంతవరకు వాడు నార్మండీలోను స్టాలిన్‌గ్రాడులోను ఉన్నాడు. తెలియనివారికొరకు ఆ ఆట స్వరూపమును కొంచెము విన్నవించెదను. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండును. ఆటగానికి ముఖముండదు, తెర అడుగున ఒక తుపాకియు, దానిని పట్టుకొన్న చేతులును మాత్రము కనబడుచుండును, తక్కిన లోకమంతయు ఆ తుపాకి కొననుండియే చూడవలెను. ఒకప్పుడు గొడుగువేసికొని ఆకాశమునుండి దుమికిన అమెరికనుడుగను, ఒకప్పుడు పెగాసస్ వంతెనను పట్టుకొన్న ఆంగ్లేయుడుగను, ఒకప్పుడు వోల్గానదిని దాటు సోవియట్ సైనికుడుగను అవతారములెత్తి తుదకు బెర్లినులో రైఖ్‌స్టాగ్ భవనమును చేరవలెను. అంతకుముందు ‘మెడల్ ఆఫ్ ఆనర్: అలైడ్ అసాల్ట్’ అను ఇట్టిదే మరియొక ఆటను రచించి, ఆ కొలువు మానివచ్చిన ఇరువది ఇద్దరు ‘ఇన్ఫినిటీ వార్డ్’ అను పేర వేరుకుంపటి పెట్టుకొని దీనిని నిర్మించిరి. ఆటగాడు చచ్చిన ప్రతిపర్యాయమును తెరమీద యుద్ధమును గూర్చిన పెద్దల సూక్తి యొకటి ప్రత్యక్షమగును. మా వాని సుభాషితపరిజ్ఞానమంతయు ఇట్లు వాని మరణములవలన ఆర్జించినదే.

తెలుగులో ఈ ఆటకు తగిన వ్యాసము లేదని వానికి ఒకనాడు మాతృభాషాభిమానము పొంగినది. పొంగిన వెంటనే వ్రాసివేసినాడు. ‘ఈ గేమ్ సూపర్, గ్రాఫిక్స్ అదిరిపోయాయి, స్టాలిన్‌గ్రాడ్‌లో దుమ్ము లేచిపోతుంది’ అని ఆరంభమై, అదే ధోరణిలో రెండు పేరాలు సాగినది. విజ్ఞానసర్వస్వమున ప్రశంస పనికిరాదని చెప్పి నేను విశేషణములను ఒక్కొక్కటిగా ఏరివేయగా, తుదకు మిగిలినది ఆట పేరును, ఒక పూర్ణవిరామమును. అట్టి చిన్న వ్యాసములను అక్కడ మొలకలందురు. ఆ మొలకకు నీరు పోయు పని నాదైనది.

మొదటి చిక్కు మర్యాదవద్ద వచ్చినది. అక్కడ ఎవరికిని ‘గారు’ తగిలింపరాదని నియమము, సరియే. కాని తెలుగు క్రియకు మర్యాద తోకలోనున్నది గదా! కెప్టెన్ ప్రైస్ అను ఆంగ్ల సేనాని తలుపు పగులగొట్టి లోనికి ‘వచ్చెను’ అన్నచో మా వానికి కష్టముగానున్నది, ‘వచ్చిరి’ అన్నచో ఎందరు వచ్చిరో తెలియకున్నది. హిట్లరు విషయమున ‘అతడు’ అని నేను తటస్థముగా వ్రాయగా, ప్రక్కన కూర్చుండి వత్తులు చేసికొనుచున్న మా అత్తగారు తలయెత్తి, “ఆ సచ్చినోణ్ణి పట్టుకుని అతడూ అంటారేటి అల్లుడుగారూ, మీకు మరీ మొహమాటం!” అన్నారు. నిష్పాక్షికదృక్పథమను మూలస్తంభమును నేను ఆమెకు వివరించితిని. ఆమె విని, వత్తి నులిమి, “అలాగే కానీండి” అన్నారు. ఆ అనుటలో నిష్పాక్షికత యేమియు లేదు.

అంతకన్న ఘోరమైన చిక్కు ఆధారములది. విజ్ఞానసర్వస్వమున వ్రాయు ప్రతి మాటకును అచ్చయిన ఆధారము చూపవలెను. స్వంతముగా చూచితిననియు, స్వంతముగా కనుగొంటిననియు చెప్పరాదు. స్టాలిన్‌గ్రాడు ఘట్టమున సైనికునికి తుపాకి ఈయక గుప్పెడు తూటాలు మాత్రమిచ్చి, తుపాకి గలవాడు ముందు పడిపోవువరకు వానివెంట పరుగెత్తవలసినదని ఆజ్ఞాపించుదురని మా వాడు వ్రాసినాడు. ఆధారమేదని అడిగితిని. “నేనే తాతయ్యా! నాకే ఇవ్వలేదు!” అని వాడు రొమ్ము చరచుకొన్నాడు. ఎన్ని పర్యాయములు ఆ నదిని దాటెనో, ఎన్ని పర్యాయములు ఆ యొడ్డున నేలకూలెనో వానికే లెక్కలేదు. అయినను వాని సాక్ష్యము చెల్లదు. ఎచ్చటనో అమెరికాలో మెత్తని కుర్చీలో కూర్చుండి ఒక్కమారు ఆడి, పత్రికలో పదికి ఇన్ని మార్కులని వ్రాసినవాని మాట చెల్లును. కన్నవానికన్న విన్నవాడును, విన్నవానికన్న అచ్చువేసినవాడును ఘనుడగు ఈ న్యాయము నాకు మాత్రము కొత్త కాదు. రైల్వే లెక్కల కచేరీలో మేము జీవితమంతయు బండిని చూడక వోచరునే చూచితిమి.

పైగా ఆ ఘట్టము ఆటలో నిజమేగాని చరిత్రలో నిజమా యను సందేహము వేరొకటి గలదు. ఇద్దరికి ఒక తుపాకి యను ఆ దృశ్యము 2001లో వచ్చిన ‘ఎనిమీ ఎట్ ద గేట్స్’ అను చలనచిత్రమున ప్రసిద్ధికెక్కినది. చరిత్రకారులు దానిని అంగీకరింపరు. కావున ‘ఆటలో ఇట్లు జరుగును’ అని ఒక వాక్యమును, ‘నిజముగా ఇట్లు జరిగెనని చెప్పరాదు’ అని మరియొక వాక్యమును వ్రాసితిని. అత్తగారు తెరవంక చూచి ఈ వివాదమును తమ పద్ధతిలో పరిష్కరించిరి: “ఇందులో వింతేటుంది? కంట్రోలు రోజుల్లో మాకూ ఇంతే. కార్డు మా చేతిలో, కిరసనాయిలు ఇంకోడి డబ్బాలో.”

తరువాత గాయముల సంగతి. తూటా తగిలినవాడు గోడచాటున క్షణకాలము నక్కినచో గాయము దానంతటదే మానిపోవునని ఎవరో అజ్ఞాత వాడుకరి మా వ్యాసమున చేర్చినాడు. ఆ దివ్యౌషధము 2005లో వచ్చిన రెండవ భాగమునకు చెందినదే గాని మొదటిదానికి కాదు; మొదటిదానిలో నేలమీద పడియున్న మందులపెట్టెను వెదకికొని ఎత్తుకొనవలెను. నేను తొలగించితిని. అతడు మరల చేర్చెను. నేను మరల తొలగించితిని. దీనిని అక్కడ దిద్దుబాటు యుద్ధమందురు, దీనికిని కట్టుబాట్లున్నవి. నాజీలను ఎన్ని వందలమందినైనను కాల్చవచ్చునుగాని, ఒక్క వాక్యమును ఇరువదినాలుగు గంటలలో మూడు మారులకు మించి తిరగవేయరాదు. మూడవ మారు తిరగవేసి నేను మరునాటికొరకు నిరీక్షించుచుండగా, ఆ అజ్ఞాతవీరుడు చర్చాపుటలో ప్రవేశించి, తాను ఆడినది రెండవ భాగమని ఒప్పుకొని, ‘క్షమించగలరు పెద్దలు’ అని వ్రాసి అస్త్రసన్న్యాసము చేసెను. అంతటి వినయమును నేను హౌరా కోర్టులో ఎన్నడును చూడలేదు. గాయములు మానువిధమును మాత్రము అత్తగారు ఒప్పుకొనలేదు. “గోడ పక్కన కూకుంటే మానిపోయే కాడికి మీ మామగారి మోకాలికి అన్నేసి డబ్బులెందుకు పోశాం?” అన్నారు.

ఈ యాటలో నన్ను నిజముగా బాధించినది వేరు. 1945 నాటికి ఇరువదియైదు లక్షలమంది భారతీయులు ఆ యుద్ధమున సైన్యములో నుండిరి. ఆటగానికి దొరకు అవతారములలో వారిలో ఒక్కడును లేడు. ఈ మాటను వ్యాసమున ఒక మూల చేర్పబోగా, చర్చాపుటలో ఒక మిత్రుడు కడు మర్యాదగా, ‘ఆటలో లేనివారి జాబితా మొదలుపెట్టినచో ఎక్కడ ఆపవలెను?’ అని అడిగెను. న్యాయమే, లేనిదానికి ఆధారము తెచ్చుట కష్టము. వాక్యమును వెనుకకు తీసికొంటిని. అత్తగారు తీసికొనలేదు. “అయితే మా బాంబులు కూడా లేవా ఇందులో?” అని ఆమె మనుమనిని నిలదీసిరి. లేవని వాడు ఒప్పుకొనవలసివచ్చినది.

ఆ బాంబుల కథ యిది. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేయగా, హౌరాలో రైల్వే కొలువుననున్న ఆమె తండ్రిగారు విశాఖలో తన బిడ్డలకు క్షేమము లేదని తలచి, సెలవు పెట్టిపోయి, సంసారమును సామానుతో కలకత్తాకు క్షేమముగా తరలించుకొనివచ్చిరి. వచ్చి స్థిరపడిరో లేదో, అదే సంవత్సరము డిసెంబరు 20 రాత్రి జపానువారు కలకత్తామీదకు వచ్చిరి. నగరము నగరమే లేచి స్టేషనులమీద పడినది. అంత గుంపులోనుండి, తొక్కిసలాటలోనుండి, అదే సామానుతో, అదే బిడ్డలతో, ఆయన మరల విశాఖకు బండి ఎక్కిరి. జపానువారికి మాత్రమే తమ చిరునామా తెలియుచున్నదని ఆయన చాలకాలము అనుమానించెడివారట. ఇంతలో 1943 ఫిబ్రవరి 3న, శత్రువిమానములకు ఉప్పందునను భయమున ప్రారంభోత్సవమనునది లేకుండగనే హౌరా వంతెనను తెరచిరి. తాము ఊరిలో లేనప్పుడు చడీచప్పుడు లేకుండ తెరచిరని మా అత్తగారికి ఆ వంతెనమీద నేటికిని కినుక.

ఈ వృత్తాంతము విని మా మనుమడు మొట్టమొదటిసారి తుపాకి క్రింద పెట్టినాడు. పెట్టి, కలకత్తాపై జరిగిన దాడులను గూర్చిన వ్యాసము తెరచి, తాతమ్మ చెప్పినదంతయు అందులో ఎక్కింప మొదలిడినాడు. నేను ఆపవలసివచ్చినది. అచ్చయిన ఆధారమేది? “ఆధారమేటి? నేనున్నాను కదా!” అని అత్తగారు రొమ్ము చరచుకొన్నారు, సరిగా మునుపు వాడు చరచుకొన్నట్లే. ఎనిమిదవయేట సైరను కూత విని, కిటికీకి నల్లకాగితము అంటించిన గదిలో మంచముక్రింద దూరినామె సాక్ష్యమును, స్టాలిన్‌గ్రాడులో అసంఖ్యాకముగా మరణించిన వాని సాక్ష్యమును ఒకే నియమముచేత త్రోసిపుచ్చుట చూచి, ఆ యిద్దరును ఏకమై నామీదికి వచ్చిరి.

అప్పుడు వానికొక యుపాయము తోచినది. “తాతయ్యా, నువ్వు పత్రికలకు రాస్తావుగా? ఇది కూడా రాసెయ్. అచ్చయితే అదే ఆధారం. పేజీ నంబరు నేను వేసుకుంటాను.” అల్లుడు వ్రాసిన వ్యాసము అత్తగారికి స్వతంత్రమూలము కాజాలదని నేను ఎంత మొరపెట్టినను వినువారెవరు? కావుననే ఇంతయు వ్రాయవలసివచ్చినది. పైదంతయు ఉపోద్ఘాతము, మా వాడు ఉటంకింపదలచిన వాక్యము ఇది, అచ్చుకూర్పువారు అంకెలు తారుమారు చేయకుందురుగాక: 1942 డిసెంబరు 20 రాత్రి కలకత్తాపై బాంబులు పడిన సమయమున మా అత్తగారు హౌరాలో ఉండిరి, వారికి ఎనిమిదేండ్లు, వారు ఏడువలేదు, ఏడ్చినది వారి తమ్ముడు. ఖరగపూరులోనున్న ఆ తమ్ముడుగారు ఫోనులో దీనిని తీవ్రముగ ఖండించి, ఏడ్చినది అక్కగారేయనియు, తాను ఆమెను ఓదార్చితిననియు చెప్పుచున్నారు. అప్పటికి ఆయనకు ఆరేండ్లు. తటస్థతకొరకు దానినిగూడ ఇందు చేర్చితిని. ఈ సంగతి అత్తగారికి ఇంకను తెలియదు.