ఎనిమిది బ్యాటరీల బండి

దమ్మాయిగూడలో మెయిన్ రోడ్డు పక్క షెడ్డులో ఉన్న నన్ను చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "ఇది కారేనా?" కారునే. పేరు రేవా. పొడవు 2.6 మీటర్లు, వెడల్పు 1.3 మీటర్లు, తలుపులు రెండు. ముందు ఇద్దరు పెద్దవాళ్లు, వెనక ఇద్దరు పిల్లలు పడతారు. గేర్లు లేవు, క్లచ్ లేదు, సైలెన్సర్ అసలే లేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఇవాళ తిరుగుతున్న ఆకుపచ్చ నంబర్ ప్లేట్ల కార్లు పుట్టకముందే నేను ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుతో ఛార్జ్ అయ్యేదాన్ని. నా కథ కావాలంటే ముందు నన్ను చేసినవాళ్ల కథ వినాలి.

బెంగళూరుకు చెందిన చేతన్ మైనీ అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడు అక్కడి విద్యార్థులు 'సన్‌రన్నర్' అనే సౌరశక్తి కారు తయారుచేశారు. ఆ బృందంలో ఆయనా ఉన్నారు. 1990లో అది అమెరికా పోటీలో మొదటి స్థానం, ఆస్ట్రేలియాను ఈ చివర నుంచి ఆ చివరకు దాటే పోటీలో మూడో స్థానం తెచ్చుకుంది. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో పై చదువు. 1994లో బెంగళూరు మైనీ గ్రూపు, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ కలిసి రేవా ఎలక్ట్రిక్ కార్ కంపెనీ పెట్టాయి. మొదటి కారు అమ్మకానికి వచ్చింది 2001లో. మధ్యలో ఏడేళ్లు! దేశంలో విద్యుత్ కారుకు విడిభాగాలు చేసేవాళ్లు లేరు, కొనేవాళ్లు ఎందరుంటారో తెలియదు. అయినా పట్టు వదల్లేదు. ఆ ఏడేళ్ల ఓపికను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

విద్యుత్ కారు అనే ఆలోచన మాత్రం మాతో మొదలైంది కాదు. 1993లోనే కేరళలోని చాలకుడికి చెందిన ఎడ్డీ కరెంట్ కంట్రోల్స్ సంస్థ 'లవ్‌బర్డ్' అనే చిన్న విద్యుత్ కారును ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించింది. ఎక్కువ కాలం నిలవలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, అమెరికాలో ఆండర్సన్ క్యారేజ్ కంపెనీ 1907 నుంచి 'డెట్రాయిట్ ఎలక్ట్రిక్' కార్లు చేసింది. 1939 వరకు దాదాపు 13,000 కార్లు. పెట్రోలు కార్లతో లోకాన్ని నింపిన హెన్రీ ఫోర్డు ఇంట్లోనే, ఆయన భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్! అప్పట్లో పెట్రోలు కారు స్టార్ట్ కావాలంటే ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పాలి. విద్యుత్ కారుకు ఆ తిప్పలు లేవు. 1912లో క్యాడిలాక్ సెల్ఫ్ స్టార్టర్ తెచ్చాక ఆ సౌకర్యం పెట్రోలు కార్లకూ దక్కింది. వాటి ధరా తగ్గుతూ వచ్చింది. విద్యుత్ కార్లు అక్కడ వెనకబడ్డాయి.

ఇక నా సంగతి. ముందు సీట్ల కింద ఎనిమిది సీసం-ఆమ్లం బ్యాటరీలు, ఒక్కొక్కటి 6 వోల్టులు, మొత్తం 48. నా బరువు 665 కిలోలైతే అందులో మూడో వంతుకు పైనే వాటిది. నిండా ఛార్జ్ చేయడానికి ఎనిమిది గంటలు పట్టేది. కంపెనీ లెక్క ప్రకారం 80 కిలోమీటర్లు నడవాలి. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి చేరే ఏర్పాటు, ఛార్జింగును కనిపెట్టి ఉండే కంప్యూటరు నాలో అప్పటికే ఉన్నాయి. ఈ రెండూ లేని విద్యుత్ కారును ఇప్పుడెవరూ ఊహించరు కూడా.

నాచారంలో పనిచేసే సారు నన్ను తెచ్చుకున్నారు. దమ్మాయిగూడ నుంచి ఈసీఐఎల్ మీదుగా పొద్దున వెళ్లడం, సాయంత్రం రావడం. ఆ దూరం నాకు లెక్కే కాదు. కష్టం కరెంటుతోనే వచ్చింది. 2012 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఇళ్లకు కోతలు. ఎనిమిది గంటలు కావాల్సిన చోట కరెంటు వస్తూ పోతూ ఉంటే నేను సగం ఛార్జితో బయల్దేరేదాన్ని. సీసం బ్యాటరీని తరచూ సగం ఛార్జిలో ఉంచితే పలకల మీద సల్ఫేటు పేరుకుంటుంది, ఆయుష్షు తగ్గుతుంది. నాకూ అదే జరిగింది.

మెకానిక్ సీటు ఎత్తేవాడు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పట్టిన పొడిని సోడా కలిపిన వేడినీళ్లతో కడిగేవాడు. మీటరు పెట్టి ఒక్కొక్క బ్యాటరీ చూసేవాడు.

"ఎనిమిదిట్ల ఒక్కటి పోయినా మిగతా ఏడింటిని గుంజుతది సార్. సిరీస్‌ల ఉంటయి గదా."

"మొత్తం మార్చాలా?"

"డిస్టిల్డ్ వాటర్ పోసి చూద్దాం సార్. ఇంకో మూడు నెలలు నడిపిద్దాం."

నా తోబుట్టువులు లండన్‌లో 'జీ-విజ్' పేరుతో తిరిగాయి. 2003 ఫిబ్రవరి నుంచి ఆ నగరం మధ్యలోకి వెళ్లే కార్ల మీద రోజుకు 5 పౌండ్ల రుసుము పెట్టారు, విద్యుత్ కార్లకు మినహాయించారు. దాంతో అక్కడ మాకు గిరాకీ పెరిగింది. 2007లో ఒక బ్రిటిష్ పత్రిక చేయించిన క్రాష్ టెస్టులో ఫలితం దారుణంగా వచ్చింది. యూరప్‌లో మమ్మల్ని కార్లుగా కాక నాలుగు చక్రాల తేలికపాటి వాహనాలుగా నమోదు చేశారు కాబట్టి కార్ల భద్రతా పరీక్షలు మాకు తప్పనిసరి కాలేదు. అది మా లోటే, దాన్ని కప్పిపుచ్చను. 2011 నాటికి 26 దేశాల్లో కలిపి మేం 4,000 దాటాం. పదేళ్ల శ్రమకు అది చిన్న సంఖ్య. కానీ బ్యాటరీ కారును రోజూ రోడ్డు మీద నడిపితే ఏమవుతుందో ఆ 4,000 బండ్ల వల్లే మా ఇంజనీర్లకు తెలిసింది.

2010 మేలో మహీంద్రా మా కంపెనీలో 55.2 శాతం వాటా కొంది. అదే ఏడాది చివర్లో కేంద్రం విద్యుత్ వాహనాలకు రాయితీ మొదలుపెట్టి, 2012 మార్చితో ఆపేసింది. మరుసటి ఏడాది మార్చిలో లిథియం బ్యాటరీతో 'ఈ2ఓ' వచ్చింది. మొదట అమ్మకానికి పెట్టిన నగరాల్లో హైదరాబాదు ఒకటి. ఢిల్లీలో ధర 5.96 లక్షలు. కేంద్రం రాయితీ లేని సమయంలో ఆ ధరకు పెట్రోలు కారును వదిలి దీన్ని కొనేవాళ్లు ఎందరుంటారు? కేంద్రం మళ్లీ రాయితీ ఇచ్చే ఫేమ్ పథకం వచ్చేసరికి 2015 ఏప్రిల్ అయింది. ఆ మూడేళ్ల ఖాళీ లేకుంటే మా కథ వేరేగా ఉండేదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు తెలంగాణలో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను లేదు. మాకు దొరకని ఆసరా ఇది. చేతన్ మైనీ 2017లో మరొకరితో కలిసి సన్ మొబిలిటీ సంస్థను స్థాపించారు. అయిపోయిన బ్యాటరీ తీసి నిండినది పెట్టించుకుని నిమిషాల్లో వెళ్లిపోయే ఏర్పాటు ఆ సంస్థది. కొనేవాడి నెత్తి మీద బ్యాటరీ ఖర్చు ఉండదు.

సారు నన్ను తుక్కుకు వెయ్యలేదు, నాకూ లిథియం బ్యాటరీ పెట్టించాలని చూస్తున్నారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 16 వరసగా కలిపితే 51.2 వోల్టులు వస్తాయి, నా మోటారుకు సరిపోతాయి. ఛార్జరు మార్చాలి, కంట్రోలరు సెట్టింగులు మార్చాలి. బరువు బాగా తగ్గుతుంది కాబట్టి స్ప్రింగులూ చూసుకోవాలి. ఈ మార్పులు ఆర్‌సీలో ఎక్కించడానికి ఏమేం కాగితాలు కావాలో కనుక్కోవడానికి సారు సోమవారం ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్తున్నారు.