డబ్బాల బావ

మా బావ సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మన దిక్కు రిటైరైనవాళ్లు ఎక్కువగా గుడి కమిటీలో తేలతారు, లేదంటే ప్లాట్ల దందాలో మునుగుతారు. ఈ రెండూ అంటనివాళ్లను కొడుకులు అమెరికాకు పిలిపించుకుంటారు. పోయినవాళ్లు ఆరు నెలలకు తిరిగొస్తారు గానీ ఏదో ఒకటి అంటించుకొని వస్తారు. ఒకరికి ఓట్స్ అంటుకుంటుంది, ఇంకొకరికి ఎదురుపడ్డ ప్రతివాడికీ గుడ్ మార్నింగ్ చెప్పే జబ్బు. బావకు జియోక్యాషింగ్ అంటుకుంది. ఇలాంటి బావ మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. లేకుంటే వచ్చే వేసవికి విమానం దిగుతాడు.

ఆట చిన్నదే. ఎవరో ఒకరు తడి చేరని డబ్బాలో నోటుపుస్తకం, కొన్ని చిల్లర వస్తువులు పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్ పట్టుకొని వెతికి, దొరికితే పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే దాచి రావాలి. లోపలి వస్తువు తీసుకుంటే అంత విలువైనది ఇంకోటి పెట్టాలి. మనం చెబితే ఇంతే, బావ చెబితే మాత్రం 2000 మే 2 నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా అమెరికా ప్రభుత్వం జనానికిచ్చే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. "వంద మీటర్లురా! ఈడ జానెడు గెట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకు పోతరు" అని గుడ్లు పెద్దవి చేస్తాడు. ఆ తప్పు తీసేసిన మర్నాడే ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచాడు. అందులో పుస్తకాలు, ఒక గులేరు, ఒక బీన్స్ డబ్బా కూడా పెట్టాడు. ఇప్పుడు ప్రపంచం మీద ముప్పై లక్షలకు పైగా డబ్బాలున్నాయి. ఆట నడిపే కంపెనీ సియాటిల్‌లో ఉంది, బావ కొడుకు కాపురం కూడా ఆ పక్కనే. అందుకని కంపెనీలో తనకూ వాటా ఉన్నట్టే మాట్లాడతాడు.

అక్కడ మనవడి వెంట పార్కుకు పోయి, పడిపోయిన చెట్టు మొద్దు కింద మొదటి డబ్బా చూశాడట. తాళం లేదు, కాపలా లేదు, పెన్సిల్ కూడా పోలేదు. చలివేంద్రంలో గ్లాసుకు గొలుసు వేసే దేశం నుంచి పోయిన మనిషి ఏమైపోవాలి? ఏళ్ల తరబడి వచ్చిపోయినవాళ్ల సంతకాలన్నీ, పహాణీ నకలు చదివినట్టు ఒక్కటొక్కటే చదివాడట.

నల్గొండకు తిరిగొచ్చాక మొదటి చిక్కు భూమితోనే వచ్చింది. ఈ ఆటలో దాచినవాళ్లు చిన్న సూచన ఇస్తారు, చాలామంది ఇచ్చే సూచన 'రాయి కింద'. నల్గొండ జిల్లాలో రాయి కింద అంటే ఏమి చెప్పినట్టు? 250 కోట్ల ఏళ్ల గ్రానైటు, గుట్టమీద గుట్ట, గుండుమీద గుండు. పైగా ఒక్కో రాయి కింద తన పహాణీతో ఒక తేలు కాపురముంటుంది. "ఇంకా తొమ్మిది మీటర్లు" అంటాడు బావ ఫోన్ చూస్తూ. నాలుగడుగులు వేస్తాడు. "ఇప్పుడు పదకొండు." దోస్తులు అప్పటికే వేపచెట్టు కింద కూర్చుంటారు. వాళ్లు ఈ ఆటలో చేరిందే, బావ ఎంచుకునే గుట్టలు ఎందుకో ఈతవనాల పక్కనే ఉంటాయి గనక. కల్లు ముంతకు అక్షాంశం అక్కర్లేదు.

వెతకడానికి మన దిక్కు డబ్బాలు చాలవనిపించి బావ తానే దాచడం మొదలుపెట్టాడు. రాత్రి తాను దాచి, పొద్దున కుటుంబాన్ని వెంటబెట్టుకొని పోయి తానే ఆశ్చర్యపోతాడు. దొంగా ఆయనే, పోలీసూ ఆయనే. పాత గుళ్లు, పురావస్తు స్థలాల జోలికి పోడు, ప్రభుత్వ సొమ్ము తిన్న మనిషి. పిల్లలమర్రి మీద మాత్రం మనసు పడ్డాడు. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాల మర్రి, ఊడ ఊడకూ ఒక డబ్బా వేలాడదీయొచ్చనుకున్నాడు. నిబంధన తీసి చూస్తే రెండు డబ్బాల మధ్య కనీసం 528 అడుగులుండాలి. "పదహారు గొలుసులు! మన ముప్పైమూడడుగుల గొలుసుతోటి సరిగ్గా పదహారు!" అని ఇల్లంతా తిరిగాడు. సంబరం తగ్గాక లెక్క వేస్తే, అంత మర్రికీ ఒక్క డబ్బాకే చోటు. ఆ ఒక్కటీ వద్దనుకున్నాడు. 2018లో చెదలు పడితే సెలైన్ బాటిళ్లు పెట్టి బతికించిన చెట్టది. పేషెంటు మంచం కింద డబ్బా దాచడం మర్యాద కాదన్నాడు.

అక్క ఈ ఆటను మొదట పట్టించుకోలేదు. ఇందులో నంబరు వేసి వదిలే బిళ్లలుంటాయి. వాటిని ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాకు ఎవరో ఒకరు మోసుకుపోతుండాలి, ఎవరూ ఉంచేసుకోకూడదు. బావ చార్టు గీసి చెప్పబోతే, "మన జాకెట్ ముక్కనే గదా" అంది. పేరంటానికొకసారి చేతులు మారుతూ, కుట్టు మిషను మొహం చూడకుండా జిల్లా అంతా తిరిగే జాకెట్ ముక్కలు అక్క బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆమె చేరింది. తెరిచిన డబ్బాను ఉత్తగా మూయడం ఆమెకు చేతకాదు. పసుపు, కుంకుమ పొట్లం, ఒక ముక్క పెట్టి గానీ పంపదు.

దసరాకు మనవళ్లు దిగినప్పుడు బావ పురాణం ఎత్తుకున్నాడు. మొదటి డబ్బా పాండవులదట. జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచి, శవమని జనాన్ని నమ్మించి, ఏడాది తర్వాత ఒక్క బాణం పోకుండా దించుకున్నారు. "దాచుడంటే అదిరా. కష్టానికి ఐదుకు ఐదు మార్కులు!" మనం ఇప్పటికీ జమ్మి దగ్గర కాగితం మీద శ్లోకం రాసి, ఇంటిల్లిపాది పేర్లు కింద రాసి పెట్టి వస్తాం కదా, అది లాగ్‌బుక్ కాక మరేమిటని వాదన. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆటలో అసలైన నియమం, ఆడనివాళ్ల కంట పడకూడదు. అట్లాంటివాళ్లకు హ్యారీ పాటర్ నవలల నుంచి మగ్గుల్స్ అని పేరు తెచ్చి పెట్టారు. మన దిక్కు మనిషి కంట పడకుండా ఏ పనైనా చేయగలడా? వంగి నేల చూస్తే చాలు, "ఏం పోయింది సారూ?" అంటూ మేకలాయన వస్తాడు. ఉంగరమా, తాళంచెవా అని అడుగుతూనే ఆయనా వంగుతాడు. ఆయన్ని చూసి ఉపాధి హామీ కూలీలు వంగుతారు. ఏమి వెతుకుతున్నామో తెలియకుండానే పదిమంది వెతుకుతారు, దొరికేదాకా పోనివ్వరు.

దేవరకొండ దిక్కున ఒక గుట్ట దగ్గర ఇది ముదిరింది. ఆదివారం ఖాళీ అని బావ ఎంచుకున్నాడు, అది అమావాస్య అని చూసుకోలేదు. పొద్దుగూకుతుంటే చేతిలో టార్చి. అక్క సంచిలో షర్బత్ కోసం నిమ్మకాయలు, పక్కన పసుపు కుంకుమలు. గుప్తనిధుల ముఠా అనుకోవడానికి ఇంకేం కావాలి? ఊరు ఊరంతా గుట్టెక్కింది. తంతారనుకున్నాం. ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, "దొరికినదాంట్ల ఊరికెంత?" అని మెల్లగా అడిగాడు.

బావ రెవెన్యూ భాషలోకి దిగాడు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితేనే కలెక్టరుకు నోటీసు ఇవ్వాలి, అందుకే తన డబ్బాలో సరుకు ఎప్పుడూ పది రూపాయల లోపే పెడతానని, కావాలంటే పంచనామా చేసుకొమ్మని డబ్బా విప్పి పరిచాడు. ఒక పెన్సిల్ ముక్క, నాలుగు గవ్వలు, ఒక సీసా మూత. వాటి కింద అక్క పెట్టిన జాకెట్ ముక్క. ఒక ముసలమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇదొక్కటే యాబై ఉంటది బిడ్డా" అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో చార్జి మెమో ఎరగని బావ ముఖం అప్పుడు చూడాలి.

ఆ తర్వాత డబ్బాలు బంద్ అని అక్క ఉత్తర్వు. బావ డబ్బా లేని ఆటకు మారాడు. అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్ణాంకాలయ్యే చోటికి పోయి ఫోటో తీసుకొని రావడమే ఆ ఆట. 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికా ఆయన మొదలుపెట్టాడు. బావకు ఇది కులవృత్తి. మహబూబ్‌నగర్‌ను ఒరుసుకుంటూ పోయే 78వ రేఖాంశం పేరెత్తితే లేచి నిలబడతాడు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర కొలత మొదలుపెట్టిన లాంబ్టన్ దొర, దక్షిణం కొస నుంచి పైకి కొలుచుకుంటూ వచ్చింది దాదాపు ఆ గీత వెంటే. మాకు దగ్గరి పూర్ణాంకాలు మాత్రం 17, 79. నల్గొండకు పడమర దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో కలుస్తాయి.

కారు నిండా జనం, టిఫిన్ క్యారియర్లతో బయల్దేరాం. చివరికి ఫోన్ ఒక పత్తి చేను పక్కకు తెచ్చి నిలబెట్టింది. బావ ఒడ్డు మీద ఫోన్ ఎత్తి అటూ ఇటూ జరుగుతుంటే రైతు ఉరికొచ్చాడు. భూములు పోతాయని రీజనల్ రింగ్ రోడ్డు పేరు చెబితే నిద్రపట్టని పల్లెలవి, ఫోనెత్తి పొలంలో నిలబడేవాడు అక్కడ చుట్టం కాడు.

"రోడ్డా సారూ, కాలువా?"

"రెండూ కాదయ్యా. భూగోళం మీద గీత. డెబ్బై తొమ్మిదో రేఖాంశం. మీ చేన్లకెల్లి పోతది."

"ఎంత జాగ పోతది?"

"గుంట కూడ పోదు. గీతకు వెడల్పు ఉండదు."

రైతు నమ్మలేదు. వెడల్పు లేనిదాని కోసం కారు డీజిలు కాల్చుకొని ఇంతమంది వస్తారా? కాసేపు ఆలోచించి, బావకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "సారూ, మీకు పుణ్యముంటది. జర మా తమ్ముని దిక్కు జరుపుండ్రి."

బావ అక్షాంశాల పాఠం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోబోయాడు. ఎండలో క్యారియర్ పట్టుకొని నిలబడ్డ అక్క తమ్ముడి పొలం వైపు చూసింది. అటు ఒక చింతచెట్టు ఉంది.

"జరుపరాదు, ఏం పోతది? ఆడ నీడ కూడ ఉన్నది" అంది.